అడక్కుండా పెట్టిన స్టేటస్

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. ముప్పై ఏళ్లుగా రాజోలు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠం చెబుతున్నాను. నా క్లాసులో ఆవులించిన పాపానికి పీరియడ్ అయ్యేదాకా తిట్లు తిన్నవాళ్లు ఇవాళ ఆఫీసర్లయి తిరుగుతున్నారు. పిల్లలు చాటున నన్ను ‘పచ్చిమిరపకాయ సాలమోను’ అంటారని నాకు తెలుసు. అననివ్వండి. నా నోరు ఎలా ఉన్నా ఊరు మాత్రం నాకు మంచే చేసింది. రెండేళ్ల కిందట ఒక శుక్రవారం నేను చేసిన బుద్ధితక్కువ పనికి నన్ను తన్ని తగలెయ్యాల్సింది పోయి, కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆ కృతజ్ఞత కొద్దీ చెబుతున్న సంగతి ఇది.

ఆ ఏడు మా ప్రిన్సిపాల్ గారు పిలిచి, “సాలమోను గారూ, డిజిటల్ కథల వర్క్‌షాపు మీరే చూడాలండి” అన్నారు.

“నాకు ఫోను తిన్నగా పట్టుకోవడమే రాదు, నేనేంటండీ?” అన్నాను.

“మిగతా అందరికీ పరీక్షల డ్యూటీ పడిపోయిందండి” అన్నారాయన. అదీ నా అర్హత.

చెప్పుకోడానికి పని చిన్నదే. పద్నాలుగు మంది పిల్లలు. ఒక్కొక్కరూ తన బతుకులో జరిగిన ఒక సంగతి తీసుకుని, సొంత గొంతుతో చెప్పి, ఇంట్లో ఉన్న ఫొటోలు దాని మీద పేర్చి మూడు నిమిషాల వీడియో చెయ్యాలి. ముందుగా అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరి సంగతి వాళ్లు నలుగురికీ చెప్పాలి. అన్నిటికన్నా పెద్ద నియమం, ఎవరి కథ వాళ్లది. వాళ్లు సరేననకుండా బయటివాళ్లకి చూపించకూడదు. ఆ నియమం బోర్డు మీద నేనే రాశాను. కింద రెండు గీతలు కూడా గీశాను.

రికార్డింగుకి చోటు దొరకడమే కష్టమైంది. కాలేజీకి ఒక పక్క కొబ్బరికాయలు వలిచే షెడ్డు, ఇంకో పక్క బస్సుల హారన్లు. చివరికి మా ల్యాబ్ అటెండరు దుర్గారావు లైబ్రరీ వెనకాల పాత జవాబు పత్రాలు పడేసే గది చూపించాడు. “కాయితం శబ్దాన్ని మింగేస్తదండి మాస్టారూ” అన్నాడు. నిజమే. నిలువెత్తు కట్టల మధ్య కూర్చుని మాట్లాడితే గొంతు చెవి పక్కనే ఉన్నట్టు వినిపించింది. నేను సున్నాలు వేసిన పేపర్లన్నీ ఇన్నాళ్లకి ఒక పనికొచ్చాయి.

మా పేటల్లో పిల్లలకి మైకు కొత్త కాదు. దేవుడు తమకు చేసిన మేలు ఆదివారం గుళ్లో (మాకు చర్చే గుడి) నిలబడి చెప్పడం, అంటే సాక్ష్యం చెప్పడం, మాటలు వచ్చిన దగ్గర్నించీ నేర్చుకుంటారు. అందుకే గుండ్రంగా కూర్చోబెట్టిన రోజు హన్నా కూడా అలాగే మొదలుపెట్టింది.

హన్నా బి.ఏ. రెండో ఏడు. దిండి రోడ్డు మీంచి లోపలికి వెళితే కాలవ గట్టున వాళ్ల పేట. తండ్రి ఆ పిల్ల చంటిబిడ్డగా ఉండగానే పోయాడు. తల్లి సువార్తమ్మ పన్నెండేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తోంది. అమ్మమ్మ సంతోషమ్మ దగ్గర పెరిగింది హన్నా. అటెండెన్సుకి ‘ఆయ్’ అనడం తప్ప ఆ పిల్ల గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

“దేవుడు మా అమ్మగారికి విదేశాల్లో ఉద్యోగం ఇచ్చినందుకు, ఇంతవరకూ కాపాడినందుకు వందనాలు చెల్లిస్తూ…”

“ఆగమ్మా తల్లీ!” అన్నాను. “సాక్ష్యం ఆదివారం చెప్పుకుందువుగాని. ఇక్కడ సంగతి చెప్పు. మీ అమ్మ ఇంట్లో లేకపోతే నీకు ఎలా ఉంటుంది?”

హన్నా తల వంచుకుంది. నేను మళ్లీ నోరు చేసుకుందామనుకునేలోగా మాట మొదలైంది.

“మా అమ్మ ప్రతి క్రిస్మస్‌కీ గౌను పంపుద్దండి. ఒక్కటీ సరిపోదండి. ఆఖరిసారి చూసినప్పటి కొలత గుర్తెట్టుకుని కొంటది కదండీ, నేనేమో ఎదిగిపోతానాయె. వెనకాల జిప్పు పడదండి. పిన్నీసులు పెట్టి, ముందు నించి ఫొటో తీసి పంపుతామండి. ‘సరిపోయిందా?’ అంటది. ‘ఆయ్, సరిపోయిందమ్మా’ అంటానండి.”

పద్నాలుగు మందిలో ఒక్కరూ నవ్వలేదు. పక్కనున్న యామిని హన్నా చెయ్యి పట్టుకుంది. 

అందరూ వెళ్లాక హన్నా ఆగిపోయింది. “మాస్టారండీ, నా వీడియో అమ్మకి పంపొచ్చాండీ?”

“నీ కథ, నీ ఇష్టం. ఎందుకు?”

“అమ్మ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ చేస్తదండి. తిన్నావా అంటది, తిన్నానంటాను. చదువుతున్నావా అంటది, ఆయ్ అంటాను. ఇంక నాకు మాట రాదండి, అమ్మమ్మకి ఇచ్చేస్తాను. మొన్న అమ్మమ్మతో అందంటండి, ‘పిల్లకి నాతో మాటే లేదు, నేనొచ్చి ఏం చేస్తాను, ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉండిపోతాను’ అని. అక్కడ ఉండడానికిచ్చే కాయితం అయిపోతుందండి. ఉంటదో, వచ్చేస్తదో పై శుక్రవారం కాక ఆ పై శుక్రవారం వాళ్ల మేడానికి చెప్పెయ్యాలంటండి.” ఆగి, ఊపిరి తీసుకుంది. “నాకు అమ్మ వచ్చెయ్యాలండి.”

“మరి ఆ ముక్క ఫోన్లో చెప్పొచ్చు కదే?”

“నోట్లోంచి రాట్లేదండి.”

 ఆ పిల్ల చేత వీడియో చేయించి తీరాలని అప్పుడే అనుకున్నాను.

జవాబు పత్రాల గదిలో మూడు రోజులు కూర్చున్నాం. గౌన్ల సంగతి, పిన్నీసుల సంగతి చక్కగా చెప్పింది. ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం బండి ఆగిపోయేది. ‘అమ్మా, వచ్చెయ్’ అనాలి. అంతే. పదకొండు సార్లు ప్రయత్నించాం. ఒకసారి దగ్గొచ్చింది, ఒకసారి ఏడుపొచ్చింది, ఒకసారి ‘అమ్మా’ అని ఊరుకుండిపోయింది. చివరికి, “ఆ మాట అక్షరాల్లో పెట్టేద్దామండి, అమ్మ చదువుకుంటది” అంది. సరేనన్నాను.

తరవాత ఫొటోలు పేర్చే పని. హన్నా చేసుకొచ్చింది చూస్తే నాకు ఒళ్లు మండింది. తల్లి ఫొటో చుట్టూ గులాబీలు, మెరుపు చుక్కలు, ఎగిరే సీతాకోకచిలుకలు. నాకు అసలే ఫ్లెక్సీలంటే గిట్టదు. మా వైపు బారసాలకి ఫ్లెక్సీ, ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సీ, ఎవరింట్లో దూడ పుట్టినా ఫ్లెక్సీ.

“ఏంటమ్మా ఇది, మీ అమ్మ పుట్టినరోజా? తియ్యి, అన్నీ తియ్యి” అని దగ్గర కూర్చుని తీయించాను. రంగులు తీయించి నలుపు తెలుపు చేయించాను. మొదట సువార్తమ్మ పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే. దాని కింద 2011 – 2023. అంటే ఆవిడ వెళ్లిన ఏడు, ఈ ఏడు. వెనకాల కీబోర్డు మీద నెమ్మదిగా ఒక కీర్తన రాగం. ముప్పావు నిమిషం దాకా మాట లేదు. ముందు మనిషిని చూడనివ్వాలి, మాట తరవాత రావాలి అని నా సిద్ధాంతం.

దుర్గారావు నా వెనకాల నిలబడి చూసి నసిగాడు. “మాస్టారండీ, ఇది ఎలాగో ఉందండీ.”

“ఎలాగో అంటే?”

“అంటే… అగరొత్తులొకటే తక్కువైనట్టుందండి.”

“కళ సంగతి నీకేం తెలుసోయ్? వెళ్లి ఆ ఫ్యాను ఎందుకు తిరగట్లేదో చూడు!” అని కసిరాను. హన్నా కూడా ఆ ఫొటో వంక ఒక రకంగా చూసింది గానీ, “మీరు చెప్పేరంటే బానే ఉంటదండి” అంది. లెక్చరరుకి ఎదురు చెప్పే అలవాటు మా పిల్లలకి లేదు. నేనే లేకుండా చేశాను. అదే కొంప ముంచింది.

గురువారం సాయంత్రానికి వీడియో పూర్తయింది. “రేపు ఒంటిగంటకి అమ్మ ఫోన్ చేసేక పంపుతానండి. మేడానికి చెప్పాల్సింది రేపే కదండీ. అందాకా ఎవరికీ చూపించకండేం” అంది హన్నా.

“నాకు తెలీదేంటమ్మా, నియమం రాసిందే నేను” అన్నాను.

ఇంటికెళ్లాను. కాళ్లు కడుక్కున్నాను. వీడియో ఇంకోసారి చూసుకున్నాను. చేతులు ఊరుకోలేదు. ముప్పై ఏళ్లలో నేను చేయించిన పనుల్లో ఇంత మంచిది లేదనిపించింది. నలుగురూ చూడొద్దా? ‘ఒక్క పూటే కదా, పిల్ల ఏమనుకుంటుంది’ అని తీసుకెళ్లి నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాను. అప్పట్లో స్టేటస్‌లో అర నిమిషానికి మించి పట్టేది కాదు. ఆ సంగతి నాకు తెలిస్తే కదా! మూడు నిమిషాలూ వెళ్లిందనుకున్నాను. వెళ్లిందల్లా మొదటి అర నిమిషం. నలుపు తెలుపు ఫొటో, కింద రెండు సంవత్సరాలు, వెనకాల కీర్తన. మాట లేదు.

పది నిమిషాల్లో దండాలు వచ్చిపడ్డాయి. చేతులు జోడించిన బొమ్మలు, కన్నీళ్లు కార్చే బొమ్మలు. నా పనితనానికి జనం దండం పెడుతున్నారనుకున్నాను. “చూశావా, ఎలా కదిలించానో!” అని మా ఆవిడకి చూపించాను. ఆవిడ కళ్లజోడు లేకుండానే చూసి, “బావుందండి” అని పకోడీల మూకుడు దగ్గరికి వెళ్లిపోయింది. ఫోను ఛార్జింగుకి పెట్టి, నిశ్చింతగా భోంచేసి పడుకున్నాను.

పొద్దున్న ఎనిమిదిన్నరకి దుర్గారావు ఫోను.

“మాస్టారండీ, సువార్తమ్మగారి బాడీ ఎప్పుడొస్తదంటండి?”

“ఏ బాడీ?”

“అదేటండీ, మీరే కదండీ పెట్టేరు! ఎవరికీ చూపించకూడదన్నది పెట్టేరంటే ఆవిడ పోయేకే అనుకున్నానండి. నిన్నటి నించి అన్ని గ్రూపుల్లోనూ తిరుగుతుంది. కువైట్ నించి తేవాలంటే ఇరవై రోజులు పడతదంటన్నారు. మేం వాళ్లింటికే వెళ్తన్నామండి, మీరొస్తన్నారా?”

 నలుపు తెలుపు ఫొటో, కింద రెండు సంవత్సరాలు, వెనకాల కీర్తన. అదేంటో మా వైపు అక్షరం ముక్క రానివాళ్లని అడిగినా చెబుతారు. చరిత్ర లెక్చరర్‌కి తట్టలేదు. మరి ఆవిడ పన్నెండేళ్లే బతికిందా అని ఎవరైనా చూసుకున్నారా అంటే, చావు కబురు దగ్గర లెక్కలెవరు చూస్తారు? కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. తల్లిని ఇంటికి రప్పించడానికి చేసిన వీడియోతో తల్లిని చంపేశాను.

స్కూటరు తీశాను. “చొక్కా తిరగేసి వేసుకున్నారండీ!” అని వెనక నుంచి మా ఆవిడ అరుస్తూనే ఉంది.

వాళ్ల ఇంటి ముందు రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. షామియానా కర్రలు పాతేస్తున్నారు. ప్లాస్టిక్ కుర్చీల్లో నలభై మంది దాకా ఉన్నారు. గుమ్మానికి ఆనుకుని సంతోషమ్మ నేల మీద కూలబడి, “నా తల్లే, నా సువార్తే, నీ మొహమైనా చూడనియ్యలేదే” అని ఏడుస్తోంది. పాస్టర్ ఎబినేజర్ గారు బైబిలు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నారు. బోరింగు దగ్గర హన్నా. ఫోను చెవికి పెట్టుకుని ఉంది. అటు మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. వచ్చినవాళ్లు కబురు చెప్పారే గానీ, ఆ వీడియో పిల్లకి ఎవరూ చూపించలేదట.

“ఆవిడ పోలేదండీ!” అని అరిచాను. “అది చావు కబురు కాదు. కాలేజీలో పిల్ల చేత నేనే చేయించిన వీడియో. నేనే పెట్టాను. తప్పంతా నాది.”

ఏడుపులు ఆగాయి. అందరూ నా వంక చూశారు. పక్క వీధి మంగాయమ్మ లేచి నిలబడింది. “మరి ఫొటో కింద ఆ ఏళ్లేటండీ?”

“వెళ్లిన ఏడూ, ఈ ఏడూనమ్మా.”

“బతికున్న మనిషి ఫొటో కింద ఏళ్లేస్తారాండీ ఎక్కడైనా? చదువుకున్నోరు!”

తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హన్నా నా దగ్గరికి వచ్చింది.

“అయితే అమ్మ బానే ఉందాండీ?”

“ఉందమ్మా.”

“మీకెలా తెలుసండీ? ఫోన్ ఎత్తట్లేదు కదండీ.”

 సువార్తమ్మ పని చేస్తున్నంతసేపూ ఫోను గదిలో పెట్టేస్తుందనీ, శుక్రవారం పని అయ్యాక మన ఒంటిగంటకే చేతిలోకి తీసుకుంటుందనీ పేటంతా తెలుసు. తెలిస్తే మాత్రం? ఒకసారి పుట్టిన భయం గొంతు వింటేనే గానీ పోదు. టైము తొమ్మిదిన్నర. ఇంకా మూడున్నర గంటలు.

“ఎవరికీ చూపించొద్దని చెప్పేను కదండీ” అంది హన్నా. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బావుండేది.

“తప్పు చేశానమ్మా. నన్ను క్షమించు” అన్నాను. ఒక స్టూడెంటుతో ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి. హన్నా తల ఊపి, మళ్లీ ఫోను చెవికి పెట్టుకుంది.

జనం వెళ్లిపోతారనుకున్నాను. ఒక్కరూ లేవలేదు. మా పేటల్లో పద్ధతి ఒకటుంది. చావు కబురు విని ఇంటికి వచ్చినవాళ్లు ప్రార్థన కాకుండా లేవకూడదు. కానీ ఏమని ప్రార్థన చెయ్యాలి? పాస్టర్ గారు కాసేపు గెడ్డం గోక్కుని లేచారు.

“సువార్త గురించి నాలుగు మంచి మాటలు చెబుదామనే కదండీ అందరం వచ్చేం? పోయేక చెప్పే మాటలు ఉన్నప్పుడు చెబితే దేవుడేమన్నా వద్దంటాడా? షామియానా ఎలాగూ వేసేరు. కృతజ్ఞతా కూటం పెట్టుకుందాం.”

ఇల్లు కట్టుకున్నా, ఉద్యోగం వచ్చినా, జబ్బు తగ్గినా మేం పదిమందినీ పిలిచి దేవుడికి వందనాలు చెప్పుకునే కూటం అది. మనిషి పోలేదని పెట్టుకోవడం మాత్రం నాకు తెలిసి ఎక్కడా లేదు.

“ముందు నా కూతురు గొంతు వినాలి బాబూ” అంది సంతోషమ్మ.

“వింటావమ్మా. అందాకా మేం చెప్పేది విను.”

ఎవరో ఒక కుర్చీ తెచ్చి నా వెనకాల వేశారు. ఇంకెవరో చేతిలో టీ గ్లాసు పెట్టారు. నన్ను తిట్టిన మంగాయమ్మే, “తాగండి మాస్టారూ, మొహం పీక్కుపోయింది” అంది.  కళ్లమ్మట నీళ్లొస్తుంటే దుర్గారావుకి కనపడకుండా పక్కకి తిరిగాను.

మొదట మంగాయమ్మే చెప్పింది.

“నాలుగేళ్ల కిందట మా అమ్మాయిని ఏజెంటు ఒకిల్లని చెప్పి ఇంకో ఇంట్లో పడేసేడండి కువైట్‌లో. తిండి కూడా సరిగ్గా పెట్టేవోరు కాదంట. మేం ఇక్కడ ఏడవడమే గానీ ఏం చెయ్యగలం? సువార్తకి వారానికి ఒక్క పూట సెలవండి. శుక్రవారం. ఆ పూట మా పిల్ల కోసం ఆఫీసుల చుట్టూ, గుడివాళ్ల చుట్టూ తిరిగింది. నాలుగు శుక్రవారాలు. అయిదో శుక్రవారం విమానం ఎక్కించింది. నా పిల్ల ఇవాళ నా ఇంట్లో అన్నం తింటుందంటే ఆ తల్లి చలవే.”

అప్పుడు చూశాను, హన్నా ఫోను అడ్డంగా పట్టుకుని రికార్డు చేస్తోంది. నేను చెప్పలేదు. దాని అంతట అదే మొదలుపెట్టింది. మంగాయమ్మ మాట పూర్తయ్యేసరికి ఫోను కిందికి దించేసింది.

“ఆ నాలుగు వారాలూ అమ్మ నాకు ఫోన్ చెయ్యలేదు పిన్నీ” అంది. “పదో తరగతి పరీక్షలప్పుడు. నేను గుర్తు రాలేదనుకుని అలిగేను. అప్పట్నించే మాట్లాడటం తగ్గించేసేను.”

మంగాయమ్మ గబగబా వెళ్లి ఆ పిల్లని పట్టుకుంది. “చెప్పలేదా మీ అమ్మ? అయ్యో, మేమైనా చెప్పేం కాదే!”

తరవాత ముత్యాలరాజు గారు లేచారు. కాలవ అవతల పదెకరాల రైతు. డెబ్భై ఏళ్ల మనిషి, నా కన్నా నోటి దురుసు. ఆయన ఆ పేటలోకి రావడమే అరుదు.

“మా చేలో ఊడుపులకొచ్చేదండి సువార్త” అన్నారు. “మా ఆవిడ మంచాన పడ్డప్పుడు మూడు నెలలు నీళ్లు పొయ్యడం, బట్ట మార్చడం అన్నీ ఆ పిల్లే చేసింది. ఎవరూ రమ్మని పిలవలేదు. కువైట్ వెళ్లేముందు చెప్పడానికి వస్తే, నేను అరుగు మీంచి లేవనైనా లేదు. ఒక్క మంచి మాట అన్లేదు. నిన్న పోయిందన్నాక, ఆ మాట ఇంక ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇలా వచ్చేనండి.”

హన్నా దగ్గరికి వెళ్లి, “తాతగారండీ, ‘ఎవరూ రమ్మని పిలవలేదు’ నించి ఇంకోసారి చెప్తారాండీ? ఆటో చప్పుడొచ్చింది” అంది. ఆయన బుద్ధిగా ఇంకోసారి చెప్పారు. క్లాసులో నోరు విప్పని పిల్ల అంత పెద్దమనిషిని నిలబెట్టి రెండోసారి చెప్పించుకుంటుంటే, నేను ఈ ఉద్యోగంలోకి వచ్చినందుకు మొదటిసారి దేవుడికి వందనాలు చెప్పుకున్నాను. ఒకరి తరవాత ఒకరు పన్నెండు మంది చెప్పారు. సంతోషమ్మ ఏడుపు ఆపి వింటోంది గానీ, చూపు మాత్రం కూతురి ఫొటో తగిలించిన గోడ మీది గడియారం మీదే ఉంది.

ఒంటిగంట అయింది. ఫోను మోగలేదు. ఒంటిగంటా రెండు.  ఒంటిగంటా అయిదు. హన్నా అమ్మమ్మ పక్కన కూర్చుని ఫోను రెండు చేతులతో పట్టుకుంది. నేను కళ్లు మూసుకుని, దేవుడా, నా స్టేటస్ నిజం చెయ్యకు తండ్రీ అనుకున్నాను.

మోగింది. వీడియో కాల్.

తెర మీద తల గుడ్డ చుట్టుకున్న ఒక మొహం. వెంటనే అరిచింది. “ఏటే ఆ జనం? షామియానా ఏటి? అమ్మేదీ? అమ్మకేటయ్యిందే?”

సంతోషమ్మ ఫోను లాక్కుంది. “నాకేటవ్వలేదే! పోయింది నువ్వేనంట!”

అందరూ ఒక్కసారి నవ్వారు. నవ్వుతూనే సగం మంది ఏడ్చారు. పాస్టర్ గారు “స్తోత్రం, స్తోత్రం” అంటూ కండువాతో మొహం తుడుచుకున్నారు. నేను ముందుకి వెళ్లి, “సువార్తమ్మా, నేను హన్నా మాస్టార్ని. నిన్ను చంపింది నేనేనమ్మా” అని జరిగిందంతా చెప్పాను.

ఆవిడ నోరు తెరుచుకుని వింది. “మీరు చంపితే చచ్చిపోతానాండీ మాస్టారూ? ఇప్పుడే పద్నాలుగు మందికి వండి వచ్చేను. అందుకే అయిదు నిమిషాలు లేటయ్యింది” అంది. మళ్లీ నవ్వులు.

హన్నా ఫోను వెనక్కి తిప్పి, వాళ్లమ్మకి ఒక్కొక్క కుర్చీ చూపిస్తూ నడిచింది. ముత్యాలరాజు గారి దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి నిలబడి చేతులు జోడించారు. “రాజుగారు నించున్నారేటే, కూర్చోమని చెప్పవే” అని కంగారుపడింది సువార్తమ్మ. ఆయన కూర్చోలేదు.

అంతా చూపించాక హన్నా ఫోను తన వైపు తిప్పుకుంది. “తిన్నావా?” అంది తల్లి.

 ఆయ్ అంటుందేమో అనుకున్నాను.

“తినలేదమ్మా” అంది హన్నా. “అమ్మా, నువ్వు పంపిన గౌన్లు ఒక్కటీ సరిపోలేదు. అన్నీ అబద్ధాలు చెప్పేను. వెనకాల పిన్నీసులు పెట్టి ఫొటో తీయించుకునేదాన్ని. మంగాయమ్మ పిన్నివాళ్ల అమ్మాయి కోసం తిరుగుతున్నావని నాకు తెలీదు. నా మీద ప్రేమ లేదనుకున్నాను. అలిగి మాటలు మానేసేను. తరవాత ఎలా మొదలెట్టాలో తెలీలేదు. అమ్మా, వచ్చెయ్. ఇంక అక్కడుండకు. నాకు నువ్వు కావాలి.”

సువార్తమ్మ కదలలేదు. “నెట్టు ఆగిపోయిందా?” అన్నాడు దుర్గారావు. ఆగలేదు. కంటి మీంచి నీళ్లు జారడం కనిపిస్తోంది.

“ఫోన్ పెట్టెయ్యకు. ఉండు” అంది.

ఫోను ఎక్కడో గట్టు మీద పెట్టినట్టుంది. తెర మీద వంటింటి పైకప్పు, వేలాడే గరిటెలు. అడుగుల చప్పుడు. తలుపు కొట్టిన చప్పుడు. ఇంకో ఆడమనిషి గొంతు. దాని వెనకే సువార్తమ్మ గొంతు, అరబ్బీలో. నలభై మందిమి చెవులు రిక్కించి విన్నాం. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ ఆ గొంతు వణకలేదు, తడబడలేదు. పుట్టి పెరిగిన భాషలా గడగడా మాట్లాడుతోంది.

“ఇదెప్పుడు నేర్చుకుందే?” అంది సంతోషమ్మ.

“తెలీదమ్మమ్మా” అంది హన్నా. పన్నెండేళ్లుగా ఆ మనిషి ఆ భాషలో బతుకుతోందని మాలో ఎవరికీ ఎప్పుడూ తట్టలేదు.

అవతలి గొంతు పెద్దదయింది. సువార్తమ్మ అవే మాటలు మళ్లీ చెప్పింది. మూడోసారి ఇంకా నెమ్మదిగా చెప్పింది. తరవాత చప్పుడు లేదు. అడుగులు దగ్గరికి వచ్చాయి. మొహం మళ్లీ తెర మీదికి వచ్చింది.

“ఏం చెప్పేవమ్మా?” అంది హన్నా.

సువార్తమ్మ తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకుంది.

“మా పిల్ల రమ్మంది, ఇంక ఉండనని చెప్పేను.”